రాత్రి రైలులో బిడ్డతో ప్రయాణము
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

గుంటూరు నుండి సత్తెనపల్లి, బెల్లంకొండ, పిడుగురాళ్ల మీదుగా నడికుడి వరకు పోవు రైలుదారి పల్నాటి ప్రజలకు చిరపరిచితము. నడికుడి వద్ద ఈ దారి రెండుగా చీలును. ఒకటి గురజాల, రెంటచింతలల మీదుగా మాచర్ల చేరును. రెండవది కృష్ణానదిని దాటి విష్ణుపురము, మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా సికిందరాబాదునకు పోవును. మాచర్ల దారి మీటరుగేజిగా ఉండిన దినములలో, ఈ ప్రాంతము వారు రైలెక్కి గుంటూరు పోవుటయే పెద్ద ప్రయాణముగా భావించెడివారు. నేడు ఆ దారి బ్రాడ్‌గేజి అయినది. సాయంకాలము ఊరిలో భోజనము చేసి బయలుదేరిన కుటుంబము తెల్లవారునప్పటికి హైదరాబాదులో ఉండగలదు.

ఇట్టి రాత్రి ప్రయాణము చేయువారిలో వినోదము కొరకు పోవువారు కొలదిమంది. బిడ్డకు వైద్యము చేయించుటకు పోవు తల్లిదండ్రులు, పనులకు వలసపోవుచు పిల్లలను వెంట గొనిపోవు కూలీలు, మొక్కుబడులు తీర్చుకొనబోవు కుటుంబములు తరచుగా కనిపించుచుందురు. వీరిలో పెక్కుమందికి రైలు నిబంధనలు తెలియవు. తెలియజెప్పువారును లేరు. ఊరిలో ఎవరికైనను కష్టము వచ్చినప్పుడు మొదట తలుపు తట్టునది పంచాయతీ సభ్యుని ఇంటి తలుపే కదా! కావున ఈ విషయములు సభ్యులకు తెలిసియుండుట అవసరము.

కన్నులార చూచిన సంగతి

కొంతకాలము క్రిందట మేము శాఖా కార్యముపై పిడుగురాళ్లలో రాత్రి బండి ఎక్కితిమి. రిజర్వేషను దొరకనందున జనరలు పెట్టెలోనే కూర్చుంటిమి. మా ఎదుట బెల్లంకొండ చేరువనున్న ఒక పల్లెకు చెందిన దంపతులు, వారి ఆరేండ్ల కుమారుడు ఉండిరి. బాలునికి గుండెలో రంధ్రమున్నదట. శస్త్రచికిత్స నిమిత్తము మరునాటి ఉదయమే ఆసుపత్రిలో హాజరు కావలెనని వైద్యులు చెప్పియుండిరి. వారి ఊరికి దగ్గరి స్టేషనులో ఆ బండి నిలువదు గనుక వారు ఆటోలో పిడుగురాళ్లకు వచ్చి ఎక్కిరి.

నడికుడిలో బండి నిలువగానే బాలుడు పాలు కావలెనని ఏడ్చెను. తండ్రి దిగెను. దొంగల భయము చేత సంచిని సీటుపై విడువక చంకన తగిలించుకొని పోయెను. పాలు దొరకుట ఆలస్యమయ్యెను. ఇంతలో బండి కదలెను. అతడు పరుగెత్తి వచ్చినను అందుకొనలేకపోయెను.

పెట్టెలో అందరును లేచిరి. “అమ్మా, నీ దగ్గర ఫోను ఉందా?” అని ఒక పెద్దమనిషి అడిగెను. ఆమె బిడ్డను గుండెకు హత్తుకొని, “లేదయ్యా. ఫోనూ ఆయన దగ్గరే, టికెట్టూ ఆయన జేబులోనే. ఆస్పత్రి కాగితాలు గూడా ఆ సంచిలోనే పోయినయ్యి” అని కన్నీరు పెట్టుకొనెను. భర్త ఫోను నంబరు ఆమెకు నోటికి రాదు. చేతిలో పైసా లేదు.

అప్పుడు ఆ బాలుడు ఏడుపు ఆపి, పది అంకెలు గడగడ అప్పజెప్పెను. బడిలో టీచరమ్మ ప్రతిదినము హాజరు పిలుచునప్పుడు పిల్లలచేత తండ్రుల ఫోను నంబరులు చెప్పించునట! మా ఫోనుతో ఆ నంబరునకు పిలువగా తండ్రి పలికెను. ఒక ప్రయాణికుడు 139 నంబరునకు ఫోను చేసి జరిగినది తెలిపెను. నల్లగొండలో తనిఖీ అధికారి వచ్చి వివరములు వ్రాసికొని, “అమ్మా, భయపడకండి. సికింద్రాబాదులో మీ ఆయన వచ్చేవరకు మావాళ్లు మిమ్మల్ని కూర్చోబెడతారు” అని ధైర్యము చెప్పెను. తండ్రి తరువాతి బండిలో చేరుకొనెను. ఆసుపత్రికి పోవునప్పటికి ఆనాటి వేళ మించిపోయినది. ఇంకొక రాత్రి వారు ఆసుపత్రి వరండాలో గడపవలసి వచ్చెను.

బిడ్డ క్షేమముగానే ఉండెను. అయినను ఒక దినము జారిపోయినది. గుండెజబ్బు గల బిడ్డకు ఒక దినము చిన్న విషయము కాదు. ఆ కుటుంబము చేసిన పొరపాటులు నాలుగు. టిక్కెట్టు, డబ్బు, ఫోను, కాగితములు అన్నియు ఒక్కరివద్దనే ఉంచిరి. పాలు ముందుగా సిద్ధము చేసికొనలేదు. బాలునికి టిక్కెట్టు కొనలేదు. రోగులకు గల రాయితీ సంగతి వారికి తెలియనే తెలియదు. ఈ నాలుగును ఊరిలో ఒక్క మాట చెప్పువారుండిన తప్పిపోయెడివే.

బిడ్డకు టిక్కెట్టు

అయిదేండ్లు నిండని పిల్లలకు టిక్కెట్టు అక్కరలేదు. అయితే వారికి ప్రత్యేకముగా బెర్తు కావలెనన్న పూర్తి చార్జీ చెల్లింపవలెను. అయిదేండ్లు నిండి పన్నెండేండ్లు నిండని పిల్లలకు జనరలు పెట్టెలో సగము చార్జీ. రిజర్వేషను స్లీపరు పెట్టెలలో 2016 ఏప్రిలు నుండి ఒక మార్పు అమలులో ఉన్నది. ఈ వయస్సు పిల్లలకు బెర్తు కోరినచో పెద్దలతో సమముగా పూర్తి చార్జీ, బెర్తు వద్దని తల్లిదండ్రులతోనే పండుకొనబెట్టుకొన్నచో సగము చార్జీ. “బడికి పోవు పిల్లవానికి టిక్కెట్టెందుకు?” అను అభిప్రాయము పల్లెలలో ఇంకను ఉన్నది. ఇది పొరపాటు. టిక్కెట్టు లేని బిడ్డకు జుర్మానా పడినప్పుడు ఆ భారము వైద్యమునకై దాచుకొన్న డబ్బు మీదనే పడును. వయస్సు నిరూపించుటకు బిడ్డ ఆధారు కార్డు వెంట ఉంచుకొనుట మేలు.

జనరలు టిక్కెట్టు విషయములో మరియొక నియమమును గుర్తింపవలెను. 199 కిలోమీటర్ల లోపు దూరమునకు కొన్న టిక్కెట్టుపై, కొన్న మూడు గంటలలోగా గాని, ఆ వైపు పోవు మొదటి బండి బయలుదేరులోగా గాని, ఈ రెంటిలో ఏది తరువాతిదైన దానిలోగా ప్రయాణము ప్రారంభింపవలెను. ఉదయము సంతకు వచ్చినప్పుడే టిక్కెట్టు కొని, రాత్రికి ఎక్కుదమనుకొన్నచో అది చెల్లకపోవచ్చును.

రిజర్వేషను టిక్కెట్టులు 2024 నవంబరు 1 నుండి 60 దినములు ముందుగా మాత్రమే ఇచ్చుచున్నారు. అంతకు పూర్వము 120 దినముల గడువుండెను. ఆసుపత్రి వారు తేదీ చెప్పిన దినముననే రిజర్వేషను చేయించుకొనుట మంచిది. దూరప్రయాణపు మెయిలు, ఎక్స్‌ప్రెస్ బండ్లలో స్లీపరు తరగతియందు స్త్రీల కొరకు ఆరు బెర్తులు ప్రత్యేకింపబడియుండును. స్త్రీ ఒంటరిగా గాని, స్త్రీలు గుంపుగా గాని పోవునప్పుడు ఈ కోటాలో అడుగవచ్చును. వృద్ధులకు, 45 ఏండ్లు పైబడిన స్త్రీలకు, గర్భిణీలకు క్రింది బెర్తుల కోటా వేరుగా ఉన్నది. బిడ్డతో బాటు అమ్మమ్మయో, నాయనమ్మయో బయలుదేరుచున్నచో ఆ వయస్సు ఉపయోగపడును.

రోగులకు రాయితీ

గుండె శస్త్రచికిత్సకు పోవు రోగికిని, వెంట నుండు ఒకరికిని సెకండు క్లాసు, స్లీపరు చార్జీలలో 75 శాతము తగ్గింపు కలదు. తలసేమియా రోగులకును ఇట్లే ఉన్నది. కాన్సరు, క్షయ, మూత్రపిండ వ్యాధులు మొదలగువానికిని రాయితీలు కలవు. 2020 మార్చిలో కోవిడు కారణముగా పెక్కు రాయితీలు ఆగిపోయినను, రోగుల రాయితీలు కొనసాగినవి. నిర్ణీతమైన నమూనాలో ఆసుపత్రి వైద్యుని ధ్రువపత్రము తీసికొని, రిజర్వేషను కౌంటరులో చూపి టిక్కెట్టు కొనవలెను. బండి ఎక్కిన తరువాత పత్రము చూపి ప్రయోజనము లేదు. వైద్యుడు హైదరాబాదుకో, తిరుపతికో పొమ్మని వ్రాసియిచ్చునప్పుడే ఈ పత్రమును అడిగి తీసికొనుడని చెప్పుట సభ్యుల కర్తవ్యము.

హైదరాబాదులోని నీలోఫరు ఆసుపత్రి 1953 నుండి పిల్లలకు వైద్యము చేయుచున్నది. అది నాంపల్లి స్టేషనుకు సమీపమున ఉన్నది. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానము వారు 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయమును ప్రారంభించిరి. అయితే ఏ ఆసుపత్రికి పోవలెనో నిర్ణయింపవలసినది వైద్యుడే. గుంటూరులో సాధ్యమగు వైద్యమునకు రాత్రి ప్రయాణముతో బిడ్డను అలయింపనక్కరలేదు.

మూట కట్టుకొనునప్పుడు

మన పెద్దలు ప్రయాణమనగానే చద్దిమూట, మరచెంబు, పక్కచుట్ట సిద్ధము చేసెడివారు. ఆ మూడింటిలోని వివేకము నేటికిని చెల్లును.

ఆహారము: పెరుగన్నము వేసవిలో త్వరగా పులియును. పులిహోర, రొట్టె, అరటిపండ్లు, వేయించిన అటుకులు రాత్రికి నిలుచును. చంటిబిడ్డకు తల్లిపాలే శ్రేష్ఠము. పోతపాలు త్రాగు బిడ్డకు ఇంటివద్దనే కాచి, శుభ్రమైన ఫ్లాస్కులో పోసికొనవలెను. నడిరేయి స్టేషనులో పాలు దొరకునను నమ్మకముతో బయలుదేరరాదు.

నీరు: కాచి చల్లార్చిన నీరు రాత్రికి సరిపడునంత వెంట ఉండవలెను.

మందులు: వైద్యుడు వ్రాసిన మందులు రెండు దినములకు ఎక్కువగా ఉంచుకొనవలెను. ఓ.ఆర్.ఎస్. పొట్లములు రెండు తప్పక ఉండవలెను. పెద్ద పొట్లమును ఒక లీటరు నీటిలో కలిపి, ఆ నీటిని ఒక దినములోపల వాడవలెను. మిగిలినది పారబోయవలెను.

బట్టలు: వేసవిలోనైనను తెల్లవారుజామున కిటికీ గాలి చల్లగా ఉండును. బిడ్డకు ఒక దుప్పటి, చెవులకు గుడ్డ అవసరము. గుర్తు పట్టుటకు వీలుగా ముదురు రంగు చొక్కా తొడుగుట మంచిది.

కాగితములు: ఇది అన్నిటికంటె ముఖ్యము. టిక్కెట్టు, ఆసుపత్రి కాగితముల నకళ్లు, కొంత డబ్బు తల్లివద్దను తండ్రివద్దను వేరువేరుగా ఉండవలెను. బిడ్డ జేబులో ఒక చీటి ఉంచవలెను. అందు తల్లిదండ్రుల ఫోను నంబరులు, ఊరిలోని ఒక బంధువు నంబరు, బిడ్డకు గల వ్యాధి, వాడు మందు వ్రాయవలెను. బిడ్డ పేరును చొక్కాపై అందరికి కనబడునట్లు వ్రాయుట క్షేమము కాదు. పేరు పెట్టి పిలిచినవానిని పసివాడు సులభముగా నమ్మును.

కిరసనాయిలు, గ్యాసు స్టవ్వు, టపాకాయలు మొదలగు మండు వస్తువులు రైలులో నిషిద్ధములు. పెట్టెలో పాలు కాచుట ప్రాణాపాయకరము.

ఎక్కునప్పుడు, దిగునప్పుడు

చిన్న స్టేషనులలో బండి ఒకటి రెండు నిమిషములకు మించి నిలువదు. పెక్కు చోట్ల ఫ్లాట్‌ఫారము పల్లముగా ఉండును. మెట్టు ఎత్తుగా ఉండును. కావున ఒక క్రమము పాటింపవలెను. ఎక్కునప్పుడు పెద్దవారొకరు ముందు ఎక్కి బిడ్డను అందుకొనవలెను. రెండవవారు చివర ఎక్కవలెను. దిగునప్పుడు పెద్దవారొకరు ముందు దిగి బిడ్డను దింపుకొనవలెను. మూటలు తరువాత. మూట పోయినను మరల కొనవచ్చును. కదలుచున్న బండిని బిడ్డతో ఎక్కుట గాని దిగుట గాని ఎన్నడును చేయరాదు. తప్పిన బండికి వెనుక మరియొక బండి వచ్చును.

దిగవలసిన స్టేషనునకు అరగంట ముందే మేల్కొనునట్లు ఫోనులో అలారము పెట్టుకొనవలెను. నిద్రమత్తులో హడావుడిగా దిగునప్పుడే ఒక బిడ్డను లెక్క మరచుట సంభవించును. ఇద్దరు ముగ్గురు పిల్లలున్నవారు ఒక్కొక్క బిడ్డ బాధ్యత ఒక్కొక్క పెద్దవారికి ముందే అప్పగింపవలెను. “అందరును చూచుచున్నారులే” అనుకొన్న బిడ్డను ఎవరును చూడరు.

రాత్రివేళ

బిడ్డను క్రింది బెర్తుపై, లోపలి గోడ వైపునకు పండుకొనబెట్టి, పెద్దవారు బయటి వైపున పండుకొనవలెను. పై బెర్తుపై పసిబిడ్డను ఒంటరిగా ఉంచరాదు. నడిమి బెర్తును రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు వేసికొనుటకు నియమము అనుమతించును. క్రింది బెర్తు రానివారు తోటి ప్రయాణికులను మర్యాదగా అడిగినచో తరచుగా సమకూరును. కిటికీ తలుపు రాత్రి మూసియుంచవలెను. అత్యవసరపు కిటికీకి కడ్డీలుండవు గనుక దాని ప్రక్కన బిడ్డను కూర్చుండబెట్టరాదు. మరుగుదొడ్డికి బిడ్డను ఒంటరిగా పంపరాదు. దానికి పోవు దారి తలుపుల ప్రక్కగానే ఉండును. పరిచయము లేనివారిచ్చు తినుబండారములు ఎంత ప్రేమతో ఇచ్చినను పుచ్చుకొనరాదు.

ఒక తల్లి ఒంటరిగా బిడ్డతో పోవుచు టిక్కెట్టు పోగొట్టుకొన్నదనుకొందము. ఆమెను నడిరేయి ఏదో స్టేషనులో దింపివేయుదురేమోయను భయముండును. 1989 నాటి రైల్వే చట్టము 139వ సెక్షను దీనికి రక్షణ కల్పించినది. పురుషుని తోడు లేని స్త్రీని గాని, బిడ్డను గాని పగటివేళనే, అదియును ప్రయాణము మొదలైన స్టేషనులోనో, జంక్షనులోనో, చివరి స్టేషనులోనో, జిల్లా కేంద్రపు స్టేషనులోనో మాత్రమే దింపవలెను. చార్జీ, జుర్మానాలు తప్పవు. కాని చీకటిలో దింపివేయుటకు వీలులేదు. ఈ సంగతి తెలిసిన తల్లి ధైర్యముగా మాట్లాడగలదు.

ఆపద వచ్చినప్పుడు

బిడ్డకు జబ్బు చేసినను, ఎవరైనను వేధించినను 139 నంబరునకు ఫోను చేయవలెను. రైలు పేరో నంబరో, పెట్టె నంబరు, రాబోవు స్టేషను చెప్పినచో తరువాతి పెద్ద స్టేషనులో సహాయము అందును. రైలు రక్షణ దళము వారి నంబరుగా ఉండిన 182 ను 2021లో దీనిలోనే కలిపివేసిరి గనుక పాత నంబరును గుర్తుంచుకొన్నవారు మార్చుకొనవలెను.

బిడ్డ తప్పిపోయినచో వెంటనే రైలు రక్షణ దళము వారికి తెలుపవలెను. పిల్లల సహాయమునకు 1098 నంబరు కూడ ఉన్నది. ఆ దళము వారు 2018 నుండి స్టేషనులలోను, రైళ్లలోను ఒంటరిగా తిరుగు పిల్లలను కాపాడు కార్యక్రమమును ప్రత్యేకముగా సాగించుచున్నారు. 2018 మొదలు 2024 మే వరకు 84,119 మంది పిల్లలను కాపాడిరి. ఇట్లు దొరకిన బిడ్డను 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము 24 గంటలలోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ఎదుట హాజరుపరచవలెను. కావున ఊరి బిడ్డ తప్పిపోయిన వార్త వచ్చినప్పుడు సభ్యులు పోలీసులకు ఫిర్యాదు చేయించుటతో బాటు ఆ సమితిని కూడ విచారింపవలెను.

పంచాయతీ చేయగల పనులు

ఇవి పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు.

1. సమీపపు స్టేషనులలో నిలుచు బండ్ల పట్టిక పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపవలెను. ఏ బండి బెల్లంకొండలో నిలుచును, దేనికి సత్తెనపల్లికో పిడుగురాళ్లకో పోవలెను అనునది అందు స్పష్టముగా ఉండవలెను. వేళలు మారునప్పుడు పట్టికను కూడ మార్చవలెను. పాత పట్టిక లేకపోవుటకంటె హాని.

2. స్టేషనుకు పోవు దారిలో ఊరి పొలిమేర వరకు వీధిదీపములు వెలుగుచున్నవో లేవో చూడవలెను. వీధిదీపములు పంచాయతీ విధులలోనివే.

3. రాత్రివేళ స్టేషనుకు పోవుటకు ఒప్పుకొను నమ్మకమైన ఆటోవారి నంబరులు, నిర్ణయించిన కిరాయి కార్యాలయములో ఉంచవలెను.

4. రోగుల రాయితీ పత్రపు నమూనాలు కొన్ని తెచ్చియుంచి, ఆశా కార్యకర్త ద్వారా అవసరమైన కుటుంబములకు అందింపవలెను.

5. ప్రతి బడిలో పిల్లలు తల్లిదండ్రుల ఫోను నంబరు, ఊరి పేరు, మండలము, జిల్లా కంఠస్థము చేయునట్లు ఉపాధ్యాయులను కోరవలెను. మన ప్రాంతము 2022 ఏప్రిలు 4 నుండి పల్నాడు జిల్లా అయినది. పిల్లలు పాత జిల్లా పేరు చెప్పినచో వెదకువారికి ఆలస్యమగును.

6. వైద్యమునకు పోవు తల్లికి తోడు లేనప్పుడు, అదే బండిలో పోవు ఊరివారెవరో కనుగొని జతపరుపవలెను.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

మన గ్రామము నుండి గత సంవత్సరములో బిడ్డ వైద్యమునకై రాత్రి రైలులో పోయినవారెవరు? వారు పడిన ఇబ్బందులేవి? వారిలో ఎందరికి రాయితీ దొరకినది? మన బడిలో ఎందరు పిల్లలు తండ్రి ఫోను నంబరు చూడక చెప్పగలరు? స్టేషను దారిలో దీపములు వెలుగని చోటు ఏది?

ఈ ప్రశ్నలకు సమాధానములు రాబట్టుట ఒక సాయంకాలపు పని. ఆనాటి రాత్రి బండిలో ఆ తల్లికి ధైర్యమిచ్చినవి ఆరేండ్ల బాలుడు చెప్పిన పది అంకెలు. వానిని నేర్పినది పల్లెటూరి బడి. అట్టి సహాయమును ప్రతి బిడ్డకును ముందుగానే కూర్చియుంచుట గ్రామము చేతిలో ఉన్నది. సభ్యులు రాబోవు సమావేశములో ఈ విషయమును తప్పక ప్రస్తావింతురు గాక యని కోరుచున్నాము.